సర్దకూడని ఇల్లు

"నా బెల్టు ఎక్కడ పెట్టావ్?" అన్నాడు మా ఆయన.

మా ఆయన బెల్టు నేను పెట్టుకోను. అయినా అది ఎక్కడుందో నేనే చెప్పాలి. "మీరు విప్పిన చోటే ఉంటుంది" అన్నాను వంటింట్లోంచి. ఆయన వెతకడం మొదలుపెట్టాడు. మా ఆయన వెతకడమంటే ఏమిటో చూసినవాళ్లకి గాని తెలియదు. అలమారా తెరిచి, మడత పెట్టిన దొంతర మధ్యలోకి చెయ్యి దూర్చి లాగుతాడు. కింద పడ్డవి కిందే. సొరుగు పూర్తిగా ఊడబీకి మంచం మీద బోర్లిస్తాడు. దిండు తీసి నేల మీద పడేస్తాడు, బెల్టు దిండు కింద ఎందుకుంటుందో దేవుడికే తెలియాలి. చివరికి అది నిన్నటి ప్యాంటుకే వేలాడుతూ దొరుకుతుంది. దొరికిందని చెప్పడు. వీధి తలుపు చప్పుడు వినపడితే దొరికిందని నేనే అర్థం చేసుకోవాలి.

ఆ రోజూ తలుపు చప్పుడైంది. నేను గదిలోకి వెళ్లేసరికి మా అత్తయ్య అప్పటికే మంచం మీద కూర్చుని చొక్కాలు మడతపెడుతోంది. "నీకు వ్యానొచ్చే వేళయింది, నువ్వెళ్లు, నేను చూస్తాలే" అంది. "మీకు నడుం నొప్పి కదా అత్తయ్యా" అంటూ నేనూ ఒక చివర పట్టుకున్నాను. "పెళ్లయినప్పటి నుంచీ మడతపెడుతూనే ఉన్నానే, ఈ ఇంట్లో బట్టలు మాత్రం అయిపోవు" అందావిడ. ఇద్దరం చేతులు ఆపకుండా నవ్వుకున్నాం. సందు మొదట్లో వ్యాను హారన్ కొట్టేసరికి గది ఎప్పటిలా అయిపోయింది. సాయంత్రం వచ్చి చూస్తే, పొద్దున ఆ గదిలో ఏదో జరిగిందని ఆయనకి గుర్తుకూడా ఉండదు.

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేను. ఊరికి దూరంగా సైన్యం వాళ్లు ఒక ఉత్తుత్తి ఊరు కట్టారు. సందులు, అంగడి, బడి, ఇళ్లు అన్నీ ఉంటాయి. కిటికీల్లో కొన్ని నిజంవి, కొన్ని గోడ మీద రంగుతో వేసినవి. గొడవలున్న ప్రాంతాలకి వెళ్లబోయే సైనికులు ముందు ఈ ఊళ్లో పని నేర్చుకుంటారు. ఊరన్నాక జనం ఉండాలి కదా, ఆ జనం మేము. దుకాణందారు, పంతులు, గాయపడినవాడు, కొడుకు కనపడని తల్లి, ఇలా ఎవరి వేషం వాళ్లది. "గట్టిగా మాట్లాడగల స్త్రీలు కావలెను" అని పేపర్లో పడితే చూసి వెళ్లాను. "నువ్వు గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదే" అన్నాడు మా ఆయన, అదేదో సర్టిఫికెట్ ఇస్తున్నట్టు. అక్కడ ఒకసారి అరిచి చూపించమన్నారు. నోరు తెరిస్తే దగ్గొచ్చింది. ఎన్నేళ్లయిందో అరిచి. రెండోసారికి వచ్చింది, గది బయట కూర్చున్నవాళ్లు లేచి తొంగిచూశారట.

అప్పటి నుంచి మా ఆయనకి నా ఉద్యోగం రెండు రకాలు. బయటివాళ్ల ముందు "మా ఆవిడ ఆర్మీలో పనిచేస్తుంది" అంటాడు. ఇంట్లో మాత్రం అది ఏడుపు ఉద్యోగం. "ఇక్కడ ఊరికే ఏడ్చేదానివి, అక్కడ డబ్బులిచ్చి ఏడిపిస్తున్నారు, నయమే" అంటాడు. అక్కడికి నేను ఇంట్లో ఏడ్చినప్పుడు ఈయన ఎప్పుడో పక్కన ఉన్నట్టు.

నా వేషం నాలుగో ఇంటి ఇల్లాలు. కథ ప్రకారం నా భర్త చాలాకాలంగా కనపడటం లేదు. ఆ భర్త మీద నాకే ఫిర్యాదూ లేదు, ఒక్కనాడూ బెల్టు అడగలేదు. ఒక్కటే గది. ఒక ట్రంకుపెట్టె, పరుపు, గిన్నెల గూడు, పిండి డబ్బా, ప్లాస్టిక్ బొమ్మ పడుకున్న ఉయ్యాల. సైనికులు ఆయుధాల కోసం సోదా చెయ్యడానికి వస్తారు. అయితే ఆయుధం దొరకడం, దొరక్కపోవడం కాదు పాఠం. తలుపు కొట్టారా, అడిగి లోపలికొచ్చారా, నన్ను దగ్గర నిలబెట్టుకుని పెట్టె తెరిచారా, తీసింది తీసినచోట పెట్టారా, ఇదీ పరీక్ష. వాళ్లు వెళ్లాక పరిశీలించే పెద్ద అధికారి వచ్చి ఇల్లు ఏ స్థితిలో వదిలారో చూస్తాడు.

ఆ తర్వాత రేకుల షెడ్డు కింద సమీక్ష. దానికో పద్ధతుంది. ఇల్లాలు కుర్చీలో కూర్చుంటుంది, సైనికులు ఎదురుగా నిలబడతారు. తనకేం జరిగిందో, ఎలా అనిపించిందో ఆమె చెప్తుంది. వాళ్లు మధ్యలో మాట్లాడకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు, "కాదండీ, అసలేం జరిగిందంటే" అనకూడదు. ఆమె ముగించాక వాళ్లు అనాల్సింది ఒకే ఒక్క మాట, "విన్నాను" అని. మొదటిసారి నన్నా కుర్చీలో కూర్చోబెట్టినప్పుడు, ఎదురుగా అంతమంది మగవాళ్లు నిలబడితే నేను కూర్చోలేక లేచి నిలబడ్డాను. మళ్లీ కూర్చోబెట్టారు.

బెల్టు పోయిన ఆ రోజే మా ఊరికి కొత్త జట్టు వచ్చింది. దానికి నాయకుడు ఒక కుర్ర లెఫ్టినెంటు, మీసం ఇంకా సరిగ్గా రాలేదు. తలుపు కొట్టలేదు, తోసుకొచ్చాడు. నలుగురూ నలుమూలలా పడ్డారు. పెట్టెలో బట్టలన్నీ నేల మీద, పరుపు మీద బూట్లు, పిండి డబ్బా బోర్లా. నేను నా వంతుగా అరిచాను, బతిమాలాను. వాళ్లు నా పక్కనుంచి నడిచి వెళ్లిపోయారు. పరిశీలించే అధికారి రావడానికి ఇంకా కొంత సమయం ఉంది. ఆ సమయంలో నేనేం చేశానో నాకే సరిగ్గా తెలియదు. తెలిసేసరికి బట్టలు మడతపడి పెట్టెలో ఉన్నాయి. పరుపు దులిపి తిరగేసి ఉంది. పిండి ఎత్తేశాను, ఉయ్యాలలో బొమ్మని సరిగ్గా పడుకోబెట్టి దుప్పటి కూడా కప్పాను.

అధికారి వచ్చాడు. చుట్టూ చూసి తల ఊపాడు. "అన్నీ ఎక్కడివి అక్కడ పెట్టాం సర్" అన్నాడు లెఫ్టినెంటు. ఆ మాట అంటున్నప్పుడు వాడి మొహంలో అబద్ధం ఛాయలేమీ లేవు. ఇల్లు శుభ్రంగా ఉంది, తామే శుభ్రంగా ఉంచామని నిజంగానే అనుకున్నాడు. ఈ మొహం నాకు తెలుసు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో కూర్చునే మొహం. షెడ్డు కింద నా వంతు వచ్చింది. నోరు తెరిచాను, "బాగానే చూశారండీ, ఇబ్బందేమీ లేదు" అని వచ్చింది. ఎవరడిగినా నా నోట వచ్చే మాటే అది. పుట్టింటివాళ్లు ఫోన్ చేసినా అదే, డాక్టరు అడిగినా అదే. పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరుగుతూ కూడా ఇబ్బందేమీ లేదన్న ఘనత నాది. "విన్నాను" అన్నారు వాళ్లందరూ. ఏం విన్నారో పాపం.

మూడో ఇంట్లో ఉండే రేడియో అక్క గోడ సందులోంచి అంతా చూసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ఆ పేరు. ఊళ్లో అందరికంటే బాగా చచ్చిపోయేది కూడా ఆవిడే, బాంబు పేలిందంటే కళ్లు తేలేసి పడిపోతుంది, ఒకసారి నిజం డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఆవిడ నోటి ద్వారా సంగతి సార్జంటు మేడమ్‌కి చేరింది. మేడమ్ సైన్యంలో రిటైరై ఇప్పుడు మా అందరినీ చూసుకుంటుంది. మనిషి పొట్టి, గొంతు మాత్రం మైదానమంత.

"ఇల్లెవరు సర్దారు?" అంది.

"నేనేనండి."

"ఎందుకు?"

"చిందరవందరగా ఉంటేనూ."

"ఉంటే?"

ఉంటే ఏమవుతుందో చెప్పబోయి ఆగిపోయాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

"ఆ కుర్రాడు త్వరలో నిజం ఊరికి వెళ్తున్నాడు" అంది మేడమ్ గొంతు తగ్గించి. తగ్గిస్తేనే ఎక్కువ భయమేసింది. "తను బాగా చేశాననుకుంటూ వెళ్తాడు. అక్కడ నిజం ఇళ్లుంటాయి, నీలాంటి ఆడవాళ్లుంటారు. వాళ్ల పిండి ఒలకబోస్తాడు. వాళ్లకి సమీక్షా ఉండదు, కుర్చీ ఉండదు. నువ్వు సర్దింది ఇల్లు కాదు తల్లీ, వాడి తప్పు. శనివారం ఇదే జట్టుకి ఆఖరి పరీక్ష. ఇంకోసారి చెయ్యి పెట్టావంటే నాలుగో ఇంటికి వేరే ఇల్లాలిని చూసుకుంటాను."

"చూశావా, ఇక్కడ ఇల్లాలిని మార్చడం ఎంత సులువో" అంది రేడియో అక్క వ్యానులో. నాకు నవ్వు రాలేదు. దారి పొడుగునా నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. కోపం ఎవరి మీదో తెలియలేదు. ఆ కుర్రాడి మీదా, నా చేతుల మీదా, ఈ చేతులకి ఇంత మంచి తర్ఫీదు ఇచ్చినవాళ్ల మీదా. మా అమ్మ నాకు చదువు చెప్పించింది, పాటలు నేర్పించింది. ఇది మాత్రం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, అయినా ఇదొక్కటే వచ్చింది. నేను సర్దేశాక ఏ గదిలోనైనా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఏమీ జరగని ఇంట్లో నాకు అలసట ఎందుకొస్తుందని మా ఆయన అడగడంలో వింతేముంది. "ఇంట్లో ఏం పనుందని" అనే మాట ఆయన ఎన్నిసార్లన్నాడో. ఆ మాటకి సాక్ష్యాలన్నీ నేనే దగ్గరుండి తయారుచేసి ఇచ్చాను.

ఇంటికి వెళ్లేసరికి ఇంకో వార్త. "శనివారం అక్కావాళ్లు భోజనానికి వస్తున్నారు" అన్నాడు మా ఆయన.

"శనివారం నాకు డ్యూటీ ఉందండీ. ఆఖరి పరీక్ష."

"పరీక్ష నీకు కాదుగా. కూర్చుని ఏడవటమేగా, ఆ ఒక్కరోజు ఇంకెవరినైనా ఏడవమను."

"నేనే ఉండాలి. లేకపోతే తీసేస్తారు."

"తీసేస్తే తీసేస్తారు. అక్క ఎన్నాళ్లకి వస్తోంది. నువ్వు ఇంట్లో లేకపోతే ఏమనుకుంటుంది? నా పరువేం కాను?"

ఆయన పరువు నా వంటింట్లో ఉంటుందని నాకు తెలియదు, తెలిస్తే గూట్లో పెట్టి తాళం వేసేదాన్ని. "వండిపెట్టి వెళ్తాను" అన్నాను. దానికి ఆయనకి అభ్యంతరం లేకపోయింది. మా అత్తయ్య మాత్రం "పెద్దది వచ్చేసరికి నువ్వు లేకపోతే నాకే తోచదు" అని గొణిగి, కాసేపాగి, "వెళ్లు, నేనున్నాగా" అంది.

శనివారం చీకటితో లేచి అన్నీ వండి, గిన్నెల మీద మూతలు పెట్టి, ఏది ముందు వెచ్చబెట్టాలో అత్తయ్యకి చెప్పి వ్యానెక్కాను. "వండి వచ్చావా?" అంది రేడియో అక్క నా మొహం చూసి. "వచ్చాను" అన్నాను. "అంటే పని చేసుకుని పనికొచ్చావన్నమాట" అంది. ఈసారి నవ్వొచ్చింది గాని, మింగుడుపడలేదు.

ఆ రోజు లెఫ్టినెంటు తలుపు కొట్టాడు. "లోపలికి రావచ్చా అమ్మా?" అన్నాడు. నాకు కాస్త ఊరట కలిగింది. నేర్చుకున్నాడనుకున్నాను. ఇంతలో వాడి భుజానికున్న వైర్‌లెస్ అరవడం మొదలుపెట్టింది, తొందరగా కానివ్వమని. అంతే, నేర్చుకున్నదంతా గాలికి పోయింది. పెట్టె తలకిందులైంది, పరుపు మీద మళ్లీ బూట్లు. పిండి గుట్టగా పడింది, దాని మీద బూటు అడుగు అచ్చుగుద్దినట్టు పడింది. ఉయ్యాల పక్కకి తన్నేస్తే బొమ్మ బోర్లా పడింది. ఆయుధమేమీ దొరకలేదు. బయటికి వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, ఎంతో మర్యాదగా, "కాస్త సర్దుకోండమ్మా" అన్నాడు.

ఒంటరిగా మిగిలాను. ట్రంకుపెట్టె మీద కూర్చున్నాను. అధికారి వచ్చేదాకా కూర్చోవడమే నా పని, ఇంతకంటే తేలికైన పని ఎవరికైనా ఉంటుందా. కూర్చుంటే తెలిసింది. ఒక చొక్కా చెయ్యి మెలితిరిగి ఉంది, దాన్ని సరిచేస్తే చాలు, మిగతావి ముట్టుకోను అనిపించింది. పిండి గాలికి ఎగురుతోంది, మీద ఏదైనా కప్పితే తప్పేముంది అనిపించింది. అన్నిటికంటే ఆ బొమ్మ. అది ప్లాస్టిక్‌దని తెలుసు. ఊపిరాడదేమో అన్నట్టు నేలకేసి మొహం పెట్టుకుని పడివుంది. చెయ్యి సగందాకా వెళ్లింది. గబుక్కున వెనక్కి లాక్కుని రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద నా బరువంతా వేసి కూర్చున్నాను. కళ్లమ్మట నీళ్లొచ్చాయి. అది నటన కాదు. ఎవరో చేసిన రభసని సర్దకుండా ఉండటానికి ఇంత బలం కావాలా అని ఒళ్లు మండి వచ్చిన ఏడుపు.

అధికారి గుమ్మంలో నిలబడి చాలాసేపు చూశాడు. లెఫ్టినెంటు ఏదో అనబోతే చెయ్యి చూపించి ఆపేశాడు. పిండిలో అడుగునీ, లెఫ్టినెంటు బూటునీ మార్చి మార్చి చూశాడు.

షెడ్డు కింద కుర్చీలో ఈసారి వెనక్కి ఆనుకుని కూర్చున్నాను.

"తలుపు కొట్టారు, బాగుంది" అన్నాను. "అడిగి వచ్చారు, బాగుంది. తర్వాత నేను ఉన్నానన్న సంగతే మర్చిపోయారు. పిండిలో మట్టి కలిసింది, అది జల్లించాలి. జల్లించినా పనికిరాదు, పారబోయాలి. పరుపు గుడ్డ విప్పి ఉతకాలి, ఆరేదాకా పిల్లని ఎక్కడ పడుకోబెట్టాలి? మీరు వెతికింది కాసేపే. అది నాకు సాయంత్రం దాకా చాకిరీ. మీకేమో ఏమీ దొరకలేదు కాబట్టి ఏమీ కానట్టే." గొంతు పెరుగుతోందని నాకు తెలుస్తోంది, దగ్గు మాత్రం రాలేదు. "వెళ్తూ కాస్త సర్దుకోండమ్మా అన్నారు చూడండి, తిట్టివుంటే బాగుండేది. కాస్త అట. మీరు చేస్తే అది పని, నేను చేస్తే అది కాస్త. పడేసినవాళ్లు మీరు, నేనెందుకు సర్దాలి? నేను సర్దుతానని మీకెవరు చెప్పారు? నేను ఎప్పుడు ఒప్పుకున్నాను?"

అప్పటికి నేను మాట్లాడుతున్నది ఏ ఇంటి గురించో నాకూ తెలియలేదు. ఆగిపోయాను. లెఫ్టినెంటు చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. నోరు ఒకసారి తెరిచి మూసుకున్నాడు, అక్కడొక "కానీ" ఆగిపోవడం నాకు కనపడింది. "విన్నాను" అన్నాడు. వాడి వెనక ఒక్కొక్కరూ అదే అన్నారు. నేను చెప్పింది "కానీ", "అయితే", "అసలు" అనకుండా ఒకరు పూర్తిగా వినడం నాకు అదే మొదలు. సంతోషించాలో ఏం చెయ్యాలో తోచక కొంగో రుమాలో ఏది దొరికితే దానితో మొహం తుడుచుకున్నాను.

తర్వాత జట్టంతా వెళ్లి ఇల్లు సర్దాలని ఆజ్ఞ అయింది. నన్ను లేవొద్దన్నారు, కూర్చుని చెప్పమన్నారు. వాళ్లు మడతపెట్టిన తీరు చూస్తే అన్నీ విప్పి మళ్లీ మడతపెట్టాలనిపించింది, అయినా లేవలేదు. "కొత్త పిండి తెప్పిస్తాను. వచ్చే వారం కలుద్దాం" అంది సార్జంటు మేడమ్ వెళ్లేటప్పుడు. ఆవిడ మెప్పు అంతే ఉంటుంది.

ఇంటికి చేరేసరికి ఇంకా పొద్దు పూర్తిగా పోలేదు. చుట్టాలు వెళ్లిపోయారు. ముందుగదిలో ఎంగిలి కంచాలు బల్ల మీద, కుర్చీల మీద, ఒకటి టీవీ మీద. నీళ్లు ఒలికి, వాటిలో ఎవరో నడిచారు. పడకగది తలుపు తీసే ఉంది, లోపల అలమారా మొత్తం నేల మీదుంది. మా ఆయన సోఫాలో కాళ్లు జాపుకుని టీవీ చూస్తున్నాడు.

"వచ్చావా. అక్కకి పాత ఫోటోలు చూపిద్దామంటే ఆల్బమ్ ఎక్కడ పెట్టావో దొరకలేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. వంట బాగుందంది అక్క. కాస్త సర్దేసి టీ పెట్టు."

మా అత్తయ్య మోకాళ్ల మీద వంగి కంచంలో కంచం పేరుస్తోంది. ఒక చేత్తో బల్ల అంచు పట్టుకుని ఉంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. ఒక్కొక్కటే చూశాను. కంచాలు, నీళ్లు, అడుగులు, ఆ గదిలో గుట్ట.

"ఏంటలా చూస్తున్నావ్, ఎప్పుడూ చూడనట్టు?" అన్నాడాయన.

నేను దేన్నీ తొక్కకుండా జాగ్రత్తగా నడిచి అత్తయ్య దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేతిలో కంచాలు తీసుకుని, ఎక్కడివి అక్కడ మళ్లీ పెట్టాను. టీవీ మీది కంచం టీవీ మీదే. ఆవిడ నాకేదో అయిందన్నట్టు చూసింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని సోఫాలో రెండో చివర కూర్చోబెట్టి, పక్కన నేనూ కూర్చున్నాను.

"ఏమైంది మీ ఇద్దరికీ?" అంటూ ఆయన టీవీ గొంతు తగ్గించాడు. అత్తయ్య ఒకసారి లేవబోయింది, చెయ్యి వదల్లేదు నేను. ఆవిడ వేళ్లు నా చేతిలో కదులుతూనే ఉన్నాయి, లేని బట్టని మడతపెడుతున్నట్టు.

"ఎంతసేపే ఇలా కూర్చోవడం?" అంది చెవి దగ్గర.

"మీ అబ్బాయికి కనపడేదాకా అత్తయ్యా."

"నేను పోయేలోగా కనపడుతుందంటావా?" అంది. అంటూనే కాళ్లు మెల్లగా పైకి ముడుచుకుని, సోఫాలో వెనక్కి జారగిలబడింది.